నార్వే వేసవి ప్రయాణం: నేను రోజూ వినే అపోహలు

వేసవి టూర్లు ప్లాన్ చేయడం నా పని. ఏప్రిల్ వస్తే ఫోన్‌కి తీరిక ఉండదు. ఓస్లో, బెర్గెన్ చూడాలంటారు, వెంటనే "అక్కడ మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలటగా!" అని భయపడతారు. అక్కర్లేదు, కుళాయి నీళ్ళే తాగుతారు.

అపోహ: నార్వేలో అడుగు వేస్తే డబ్బే.

వాస్తవం: రెస్టారెంట్‌లో కూర్చుంటే నిజమే, బిల్లు చూశాక ఆకలి చచ్చిపోతుంది. కానీ ఓస్లోలో నీటి ఒడ్డున చూడాల్సినవాటిలో చాలావాటికి టికెట్టే లేదు. 2008లో తెరిచిన ఒపేరా హౌస్ తెల్లటి పైకప్పు నీళ్ళలోంచి ఏటవాలుగా పైకి లేస్తుంది, దాని మీద ఎవరైనా నడవొచ్చు. దగ్గర్లోనే సోరెంగాలో సముద్రపు నీటి ఈతకొలను ఉంది, అదీ ఉచితమే. సిటీ బస్సు టికెట్‌తోనే ఫెర్రీ ఎక్కి హోవెదోయ దీవికి వెళ్ళొచ్చు. అక్కడ 1147 నాటి మఠం శిథిలాలున్నాయి. క్రూజ్‌కి వేలు పోసినవాళ్ళు కూడా తిరిగొచ్చాక నాతో మాట్లాడేది ఈ ఫెర్రీ గురించే.

డబ్బు పోయేది వేరేచోట. ఎయిర్‌పోర్టులో దిగగానే కంటికి కనబడే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కేస్తారు. మామూలు రైలుకి నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, టికెట్ దాదాపు సగం. నలుగురున్న కుటుంబానికి లెక్క వేసుకోండి. వంటగది ఉన్న బస తీసుకుంటే ఇంకా మిగులుతుంది. అయితే ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఇంటినుంచి కందిపొడి, ఆవకాయ తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం మన దేశం నుంచి తీసుకెళ్ళడానికి ఒప్పుకోరు.

అపోహ: జూన్‌లో వెళ్తే నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో ఆకుపచ్చగా మెరిసే వెలుగులు) కూడా చూసేయొచ్చు.

వాస్తవం: చీకటే పడకపోతే ఏం కనిపిస్తాయి? ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో ఇంచుమించు మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. జూన్‌లో ఓస్లోలో అస్తమిస్తాడు కానీ రాత్రి పదిన్నర దాటాకే. అయినా ఒక ఏజెన్సీ జూన్ టూర్ కరపత్రం మీద ఆకుపచ్చ ఆకాశం వేసి పంచడం నేను చూశాను! మీరు కళ్ళకు కట్టుకునే మాస్క్ తీసుకెళ్ళండి, లేకపోతే పిల్లలు నిద్రపోరు.

అపోహ: ఎండాకాలమే కదా, కాటన్ బట్టలు చాలు.

వాస్తవం: బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడుతుంది. గాలికి గొడుగు తిరగబడుతుంది, రెయిన్ జాకెట్ కొనుక్కోండి. అందుకే బెర్గెన్‌కి ఒక్కరోజు పెట్టమంటే నేను ఒప్పుకోను. మూడు రోజులుంటే వాన తెరిపిచ్చే పూట ఒక్కటైనా దొరక్కపోదు. ఆ పూట ఫ్లోయెన్ కొండెక్కాలి. 320 మీటర్ల ఎత్తు, పైకి కేబుల్‌తో లాగే రైలుంది. దిగేటప్పుడు నడవండి. పైనుంచి రేవు, బ్రిగ్గెన్ చెక్క ఇళ్ళు (1979 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నవి) ఒక్కచోట కనిపిస్తాయి.

అపోహ: యూరోలు మార్చుకెళ్ళాలి.

వాస్తవం: నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, అక్కడ చెల్లేది క్రోన్. అదీ నోట్లుగా అక్కర్లేదు, దాదాపు అంతటా కార్డే.

వీసా మాత్రం షెంగెనే, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. జూన్ టూర్‌కి మే నెలలో ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ దొరకట్లేదని టెన్షన్ పడితే నేను మాత్రం ఏం చేయగలను?