ఒత్తిడిని ఉమ్మిలో కొలవడం

వైవా గది బయట నిలబడ్డప్పుడు గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం, నోరు ఎండిపోవడం యూనివర్సిటీలో చదివినవాళ్లెవరికీ కొత్త కాదు. ఈ మూడూ ఆపద వేళ ఒంటిని సిద్ధంచేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థ పనే, సెకన్లలో జరిగిపోతాయి. అదే సమయంలో మరో వ్యవస్థ నింపాదిగా కదులుతుంది. మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. అది అందుకున్న పిట్యుటరీ గ్రంథి మరో హార్మోన్ ఏసీటీహెచ్‌ను రక్తంలోకి పంపుతుంది. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు అది చేరితే, వాటి పై పొర కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తయారుచేస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ‘తయారుచేస్తుంది’ అన్న మాటే. అడ్రినలిన్‌ను గ్రంథి ముందే నింపి పెట్టుకుంటుంది, కార్టిసాల్‌ను అలా దాచుకోదు. కబురు అందాకే కొలెస్టరాల్ నుంచి వండాలి. అందుకే వైవా ముగిసి బయటికొచ్చి, స్నేహితులతో నవ్వుతూ టీ తాగుతున్న వేళకి ఉమ్మిలో కార్టిసాల్ శిఖరానికి చేరుతుంది. ఒత్తిడి ముగిశాక సుమారు 10 నుంచి 20 నిమిషాలకన్నమాట.

మనిషి ప్రవర్తనకు జీవశాస్త్ర మూలాలు వెతికే కోర్సుల్లో ఈ కార్టిసాల్ ప్రయోగం చాలాచోట్ల ఉంటుంది. చూడటానికి తేలిక: భయపెట్టు, ఉమ్మి పట్టు, కొలువు. చెడిపోవడానికి దారులు మాత్రం బోలెడు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, ‘బాగా భయపడ్డ క్షణంలో’ నమూనా తీసుకోవడం. ఆ ట్యూబులో ఉండేది అంతకు ముందు పావుగంట నాటి మనిషి.

రక్తం కాకుండా ఉమ్మి ఎందుకంటే, సూది చూస్తేనే కొందరికి కార్టిసాల్ పెరుగుతుంది. పైగా రక్తంలోని కార్టిసాల్‌లో 90 శాతానికి పైగా ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంటుంది, కణాల్లోకి వెళ్లి పనిచేసేది మిగతా కొంచెమే. ఉమ్మిలోకి దిగేది ఆ స్వేచ్ఛగా ఉన్న భాగమే.

ఇక భయపెట్టడం సంగతి. జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీలో పరిశోధకులు కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ 1993లో ప్రచురించిన పద్ధతిని ట్రియర్ సోషల్ స్ట్రెస్ టెస్ట్ అంటారు. సిద్ధమవడానికి కాసేపు సమయం ఇస్తారు. తర్వాత 5 నిమిషాలు మైకు, కెమెరా ముందు నిలబడి, ఒక ఉద్యోగానికి తానే తగినవాడినని చెప్పుకోవాలి. ఆ తర్వాత ఇంకో 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టాలి: 1009, 996, 983... తప్పితే మళ్లీ 1022 నుంచి మొదలు. ఎదురుగా కూర్చున్న ప్యానెల్ తల ఊపదు, నవ్వదు, విసుక్కోదు. మాట ఆగిపోతే కాసేపు మౌనంగా చూసి, ‘ఇంకా సమయం ఉంది’ అంటుందంతే. ఈ పరీక్షలో ఉమ్మిలోని కార్టిసాల్ 2 నుంచి 4 రెట్లు పెరిగినట్టు వాళ్లు చూపించారు.

లెక్క కష్టంగా ఉండటం వల్లే ఇది పనిచేస్తుందనుకుంటే పొరపాటు. డికర్సన్, కెమెనీ అనే పరిశోధకులు 2004లో 208 ప్రయోగాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. ఫలితం మన చేతిలో లేకపోవడం, ఎదుటివాళ్లు మనల్ని తూకం వేస్తుండటం, ఈ రెండూ కలిసినప్పుడే కార్టిసాల్ బాగా పెరుగుతుందని అందులో తేలింది. గదిలో ఒంటరిగా అదే లెక్క చేయిస్తే స్పందన చాలా తక్కువ. నలుగురిలో పరువు పోతుందన్న జంకుకి అడ్రినల్ గ్రంథి అంతగా స్పందిస్తుందన్నమాట.

దీన్ని మన క్యాంపస్‌లో చేయాలంటే కొన్ని సర్దుబాట్లు కావాలి. ప్యానెల్‌లో పాఠం చెప్పే మాస్టార్లు ఉండకూడదు, మార్కుల భయం దానికి తోడవుతుంది. తీసివేతల లెక్క ఏ భాషలో చేయాలో ముందే తేల్చాలి. తెలుగు మీడియంలో ఎక్కాలు వల్లించిన విద్యార్థి చేత ఇంగ్లీషులో లెక్కపెట్టిస్తే, ఒత్తిడికి అనువాదం భారం కూడా కలుస్తుంది. అన్నిటికంటే పెద్ద బెడద హాస్టల్. మొదటి రోజు వచ్చినవాడు రాత్రి మెస్‌లో ‘వాళ్లు కావాలనే నవ్వరురా, అంతా నాటకం’ అన్నాడంటే, మర్నాటి నుంచి వచ్చేవాళ్ల స్పందన పడిపోవచ్చు. అందుకే ఒక హాస్టల్ నుంచి వచ్చేవాళ్లందర్నీ ఒకటి రెండు రోజుల్లోనే ముగించడం మంచిది. అదే మనిషిని మళ్లీ పిలవడం కూడా దండగే. రెండోసారికే చాలామందికి ఇది అలవాటైపోతుంది.

వేళ చూసుకోకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. నిద్రలేచాక 30 నుంచి 45 నిమిషాల్లో కార్టిసాల్ దానంతటదే గరిష్ఠానికి ఎగబాకి, తర్వాత రోజంతా దిగుతూ పోతుంది. ఉదయం 9కి పరీక్ష పెడితే ఆ దిగుడులో మన ఎగుడు కనబడదు. మధ్యాహ్నం 2 తర్వాత, అందరికీ దాదాపు ఒకే సమయంలో పెట్టాలి. అయితే భోజనం కూడా కార్టిసాల్‌ను కాస్త లేపుతుంది, అలాగని పస్తుంచితే స్పందనే మొద్దుబారుతుంది. రక్తంలో గ్లూకోజ్ తక్కువగా ఉంటే ఈ వ్యవస్థ సరిగా లేవదు. కాబట్టి భోజనం చేసి రావాలి, చివరి గంటలో మాత్రం నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. కాఫీ, సిగరెట్ వద్దు. పళ్లు తోముకోకూడదు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే విలువ పెరిగిపోతుంది. ఎర్రగా కనబడ్డ నమూనాను పారేయాల్సిందే. ఊరగాయ, చింతపండు పులుసు, నిమ్మరసం నోట్లో మిగిలుంటే ఆ ఆమ్లం పరీక్షలో కార్టిసాల్‌ను గుర్తించి పట్టుకునే యాంటీబాడీలను చెడగొడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే మహిళల్లో కార్టిసాల్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ పెరిగి, ఉమ్మిలో స్పందన తక్కువగా కనిపిస్తుంది. ఆ వివరం ముందే అడిగి రాసుకోవాలి.

వచ్చినవాళ్లను కనీసం 30 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. ఎండలో బస్సు దిగి మూడంతస్తులు ఎక్కొచ్చినవాళ్ల మొదటి నమూనాను ఆధారంగా తీసుకోకూడదు. పరీక్షకు ముందు ఒకటి, ముగిసిన వెంటనే ఒకటి, తర్వాత 10, 20, 30, 45, 60 నిమిషాలకు ఒక్కొక్కటి తీయాలి. తల కొద్దిగా వంచి, ఉమ్మిని చిన్న ట్యూబులోకి దానంతటదే జారనివ్వడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. తీసినవాటిని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. ఫ్రీజర్‌కి జనరేటర్ లైను ఉందో లేదో ఎండాకాలానికి ముందే కనుక్కోండి.

పరీక్ష రోజున ట్యూబులను కరగనిచ్చి, 1500 జీ (భూమి ఆకర్షణకు 1500 రెట్లు) బలంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే జిగురు అడుగుకు చేరుతుంది. పైన తేటగా ఉన్నదే తీసుకోవాలి. ఇక్కడ వాడేది యాంటీబాడీల సాయంతో, రంగును బట్టి కొలిచే పోటీ ఎలైజా పద్ధతి. 96 గుంటల ప్లేటులో యాంటీబాడీలు పరిమితంగా ఉంటాయి. వాటి కోసం మన నమూనాలోని కార్టిసాల్, ఎంజైమ్ తగిలించిన కార్టిసాల్ పోటీ పడతాయి. మనది ఎక్కువుంటే ఎంజైమ్‌కి చోటు దక్కదు, రంగు తేలిపోతుంది. అంటే ముదురు పసుపు ఉన్న గుంటలో కార్టిసాల్ తక్కువ. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా చదివి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాణ్ణి భయస్తుడిగా తేలుస్తుంటారు. ప్రతి నమూనాను రెండు గుంటల్లో పోసి సరిచూసుకోవాలి. ఒకే మనిషి నమూనాలన్నీ ఒకే ప్లేటులో ఉండాలి. లేకపోతే ప్లేటుకీ ప్లేటుకీ ఉండే తేడా భయంలా కనబడుతుంది. కొన్ని కిట్లు మైక్రోగ్రాముల్లో, కొన్ని నానోమోల్స్‌లో చెబుతాయి. డెసిలీటరుకి 1 మైక్రోగ్రాము అంటే లీటరుకి 27.6 నానోమోల్స్.

అంకెలు వచ్చాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. ‘ఎంత భయమేసింది?’ అని అడిగి రాసుకున్న మార్కులకీ కార్టిసాల్‌కీ చాలాసార్లు పొంతన కుదరదు. నాకేం భయం లేదన్నవాడిలో మూడు రెట్లు పెరగొచ్చు, చేతులు వణికినవాడిలో కదలిక లేకపోవచ్చు. వాడు అబద్ధమాడాడని తీర్పివ్వడం తొందరపాటే. భయం నిమిషాల్లో వచ్చిపోతుంది, హార్మోన్ వెనకగా నడుస్తుంది. పైగా కార్టిసాల్ అసలు పని కాలేయం నుంచి గ్లూకోజ్‌ను అందుబాటులోకి తేవడం, దానికి భయం ఒక్కటే కారణం కానక్కర్లేదు. అందుకే పోలికకు మరో గుంపు ఉండాలి. వాళ్లూ అంతే సేపు నిలబడి మాట్లాడతారు, తేలిక లెక్కలు చేస్తారు, ఎదురుగా ప్యానెల్ మాత్రం ఉండదు. ఈ రెండు గుంపుల మధ్య తేడానే మనం మాట్లాడదగ్గ సంగతి.

ఇదంతా సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తర్వాతే. ప్యానెల్ ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోవడం నాటకమని, ఎవరి మాటకీ మార్కులు వేయలేదని పాల్గొన్నవాళ్లకు చెప్పి పంపాలి. ఎప్పుడు చెప్పాలన్న దగ్గర పేచీ వస్తుంది. ముందే చెబితే ఊరట కలిగి, కార్టిసాల్ దిగే తీరు మారిపోతుంది. చివరి నమూనా దాకా ఆగితే ఓ గంటసేపు ఆ కుర్రాడు తాను అభాసుపాలయ్యానని కుములుతూ కూర్చుంటాడు. ఏది ఎంచుకున్నా దరఖాస్తులోనే రాసి, చివరి మనిషి దాకా ఆ నిమిషాన్నే పాటించాలి.