కొవ్వొత్తిలో మండేది ఆవిరి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడిన రోజు. ఆ తర్వాత చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ మొదటి రాత్రికే అయిపోయింది, ఫోన్ల ఛార్జింగ్ మర్నాటికి. మిగిలినవి దేవుడి దగ్గరి నువ్వుల నూనె, వంటింటి సొరుగులో నాలుగు కొవ్వొత్తులు. నేను ఒక కొవ్వొత్తిని ప్లాస్టిక్ స్టూలు మీద అతికించబోతుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. స్టీలు పళ్ళెంలో ఇసుక పోసి, కొవ్వొత్తిని అందులో గుచ్చి, కిటికీ తెరకు దూరంగా నేల మీద పెట్టించింది. పెళ్ళయ్యేదాకా కరెంటు లేని ఊళ్ళో పెరిగిన మనిషి. ఆవిడ పెట్టిన ప్రతి నియమానికీ ఒక భౌతిక కారణం ఉందని నాకు తర్వాత తెలిసింది.

కొవ్వుతో చేసిన వత్తి కాబట్టి కొవ్వొత్తి. ఒకప్పుడు నిజంగానే జంతువుల కొవ్వుతో చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ మైనం వాడుతున్నారు. ఈ మైనం దాదాపు 50 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగింది దూది పోగుల సందుల్లోంచి పైకి పాకి, మంట వేడికి ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే. నమ్మకం కుదరకపోతే కొవ్వొత్తిని ఆర్పిన వెంటనే వత్తి నుంచి లేచే తెల్లటి పొగకు, వత్తికి కాస్త ఎత్తులో, అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని మళ్ళీ వెలిగిస్తుంది. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. మంట మధ్యలో గాజు గొట్టం పెట్టి, లోపలి ఆవిరిని బయటికి రప్పించి, గొట్టం రెండో చివర వెలిగించి చూపించాడు.

ఏ ఇంధనం ఎంత ప్రమాదమో తేల్చేది కూడా ఈ ఆవిరే. నిప్పు చూపిస్తే భగ్గుమనేంత ఆవిరి ఒక్కో ద్రవం నుంచి ఒక్కో వేడి దగ్గర బయలుదేరుతుంది. నువ్వుల నూనె, ఆముదం 200 డిగ్రీలు దాటేదాకా అంత ఆవిరిని ఇవ్వవు. అందుకే ప్రమిద ఒలికినా చల్లటి నూనె వెంటనే అంటుకోదు. కిరసనాయిలుకు 40 డిగ్రీల దగ్గరే ఆ స్థితి వస్తుంది. మే నెలలో రెంటచింతల ఎండ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇక పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా మండేంత ఆవిరినిస్తుంది. కిరసనాయిలు దొరకలేదని దీపంలో కాస్త పెట్రోలు కలిపితే అది దీపంగా ఉండదు, బాంబు అవుతుంది. ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.

వెలుగుతున్న దీపంలో కిరసనాయిలు పోయకూడదనడం కూడా ఇందుకే. పోసేటప్పుడు సీసా మూతి దగ్గర ఆవిరి ఉంటుంది, పక్కనే మంట ఉంటుంది. దీపం ఆర్పి, బుడ్డి చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, వేరే చోటికి తీసుకెళ్ళి పోసి, ఒలికింది తుడిచాకే వెలిగించాలి. చీకట్లో అంతసేపు ఆగడం కష్టం కాబట్టి పొద్దుండగానే నింపి పెట్టుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెతను ఇక్కడ కాస్త ముందుకు జరుపుకుందాం.

సీసా మూతకు చిల్లు పెట్టి వత్తి దూర్చిన కిరసనాయిలు బుడ్డి మీద నాకు ఏమాత్రం మమకారం లేదు. చెయ్యి తగిలితే దొర్లుతుంది, పగులుతుంది. పైగా దాని మంటకు సరిపడా గాలి అందదు. ఇలాంటి దీపాల్లో కాలే కిరసనాయిలులో 7 నుంచి 9 శాతం దాకా మసిగా మారుతుందని కొలిచారు. పొద్దున ముక్కు చీదితే నల్లగా వచ్చేది అదే, ఊపిరితిత్తుల్లోకి పోయేదీ అదే. లాంతరు నయం. దాని గాజు చిమ్నీ గాలిని ఆపడమే కాదు, పొయ్యి గొట్టంలా పనిచేస్తుంది. లోపలి వేడి గాలి పైకి పోతూ కింది నుంచి తాజా గాలిని లాక్కుంటుంది. మంటకు ఆక్సిజన్ బాగా అంది మసి తగ్గుతుంది, వెలుగు పెరుగుతుంది. 1780ల్లో జెనీవావాడైన ఆర్గాండ్ తన దీపంతో ఈ కిటుకును ప్రచారంలోకి తెచ్చాడు. లాంతరు చిమ్నీకి మసి పడుతోందంటే వత్తి ఎక్కువ ఎత్తి పెట్టారని అర్థం.

వేడి ఎటు పోతుందో కూడా చూడాలి. మంటకు పక్కన నాలుగు వేళ్ళ దూరంలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. అదే మంటకు పైన జానెడు ఎత్తులో ఎక్కువసేపు ఉంచలేం. వేడి గాలి తేలికై నిటారుగా లేస్తుంది. అలమర అరలో కొవ్వొత్తి పెడితే పై అర చెక్క ఎంతో సేపు ఆగదు. పాత ఇళ్ళ గోడల్లో దీపం గూడు కట్టేవారు. మట్టి గోడ కాలదు, గాలి తగలదు, పిల్లల చేతికి అందదు, దీపం దాటి అవతలికి వంగి ఏదీ అందుకోనక్కర్లేదు. వంగినప్పుడే పైట, చున్నీ అంటుకుంటాయి. నైలాను, పాలిస్టరు అయితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

ఇంత జాగ్రత్తపడితే వచ్చే వెలుగు ఎంత? కొవ్వొత్తి గంటకు ఆరేడు గ్రాముల మైనం కాల్చి దాదాపు 80 వాట్ల వేడిని, 12 ల్యూమెన్ల వెలుగును ఇస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది 800 ల్యూమెన్లకు పైనే. అందుకని నాలుగైదు వెలిగిద్దామనిపిస్తుంది. ఒకటి వెలిగించి, వెనక మెరిసే స్టీలు పళ్ళేన్ని నిలబెట్టండి. గోడ మింగేసే వెలుగు గదిలోకి తిరిగొస్తుంది. కొవ్వొత్తుల్ని గుంపుగా పెడితే ఒకదాని వేడికి ఇంకొకటి కరిగి, మైనమంతా మడుగై ఒక్కసారిగా అంటుకోవచ్చు. ప్రమిదలో నూనె బాగా వేడెక్కి అంటుకున్నా అంతే. అప్పుడు నీళ్ళు మాత్రం పోయకూడదు. నీళ్ళు వేడి నూనె అడుగుకు దిగి, ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, మండే నూనెను గదంతా చిమ్ముతాయి. ఒక మూత బోర్లించండి, చాలు. ఒళ్ళు కాలితే మాత్రం నీళ్ళే మందు. 20 నిమిషాలు కుళాయి కింద పెట్టాలి. టూత్‌పేస్టు, ఇంకు పూయొద్దు.

పడుకునేటప్పుడు మంట ఉండకూడదు. చంటిపిల్లలున్న ఇంట్లో చిన్న బ్యాటరీ లైటు చాలు. ఆ రాత్రి కొవ్వొత్తిని నేను ఊదబోతే అమ్మమ్మ మళ్ళీ ఆపింది. నోటితో ఊదితే కరిగిన మైనం చిందుతుంది, వత్తి కొసన నిప్పు మిగిలి ఆవిరి లేస్తూనే ఉంటుంది. ఆవిడ చెంచా కాడతో వత్తిని వంచి కరిగిన మైనంలో ముంచి, వెంటనే పైకి లేపింది. పొగ కూడా రాలేదు. ప్రమిదలో వత్తిని నూనెలోకి వెనక్కి లాగింది. దీపం ఆరిపోయింది అనకూడదు కదా, "కొండెక్కింది, ఇక పడుకో" అంది. తను మాత్రం ప్రమిద వత్తి కొసన ఎర్రటి చుక్క పూర్తిగా నల్లబడేదాకా ఆ చీకట్లో అక్కడే కూర్చుంది.