పళ్ళు బిగపడితే మోకాలు ఎందుకు ఎగురుతుంది?

"మామా, ఇంట్ల కూసుని రాస్తే రెండు గంటలైనా ఏం కాదు. పరీక్షల గంట గూడ కాకముందే చెయ్యి పట్టేస్తది. వేళ్ళు కొంకర్లు పోతయ్. ఎందుకట్లా?"

పదో తరగతి చదువుతున్న మా అక్క బిడ్డ అడిగింది. వాళ్ళ నాయనమ్మ దిష్టి అని మణికట్టుకు నల్లదారం కట్టింది. దారం కట్టినా గంటకే పట్టేసింది కాబట్టి, హన్మకొండలో సైన్సు చెప్పుకునే నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో రాసే నోటుబుక్కు, దిద్ది ఇచ్చిన ప్రీఫైనల్ పేపరు రెండూ తెమ్మన్నాను. అక్షరాలు చూడలేదు, పేజీలు తిప్పి వెనకవైపు వేలితో తడిమాను. నోటుబుక్కు పేజీ నున్నగా ఉంది. పరీక్ష పేపరు వెనక అక్షరాలన్నీ నువ్వుగింజలు అతికించినట్టు పైకి తేలి ఉన్నాయి, కింది పేజీ మీద కూడా అచ్చు పడింది. అదే పిల్ల, అదే పెన్ను.

గడియారం ఎదురుగా పెట్టి పది నిమిషాలు రాయించాను. రెండో నిమిషానికే బొటనవేలి గోరు తెల్లబడింది. దవడ బిగిసింది. ఎడమ భుజం, అంటే రాయని చేతి భుజం, మెల్లగా చెవి దగ్గరికి లేచింది. "భుజం దించు" అంటే "దించే ఉంది గదా మామా" అంది. అబద్ధం కాదు, ఆమెకు నిజంగానే తెలియడం లేదు.

చెయ్యి పట్టేయడం వరకైతే జవాబు పెద్దదేం కాదు. కండరానికి గుంజడం ఒక్కటే వచ్చు, తొయ్యడం రాదు. అందుకే ప్రతి కీలుకూ రెండు వైపులా కండరాలుంటాయి, ఒకటి గుంజితే రెండోది వదలాలి. ఒకటి పనిచేసేటప్పుడు ఎదుటి దాన్ని వెన్నుపామే ఊరుకోబెడుతుందని చూపించినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త షెరింగ్టన్, నాడీకణాల మీద చేసిన పనికి 1932లో నోబెల్ పంచుకున్నాడు. టెన్షన్‌లో ఈ ఏర్పాటు చెడి రెండు వైపులూ ఒకేసారి పట్టుకుంటాయి. పెన్ను కదలాలంటే సొంత కండరంతోనే కొట్లాడాలి. పైగా ఆగకుండా బిగిసి ఉన్న కండరం తనలోని సన్న రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది, రావలసింది రాదు, పోవలసింది పోదు, నొప్పి మొదలవుతుంది. (గడియారం లేకుండా తీరిగ్గా రాసినా వేళ్ళు వంకర్లు పోతుంటే అది వేరే జబ్బు కావచ్చు, నరాల డాక్టరుకు చూపించాలి.)

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఎడమ భుజం. రాసేది కుడి చెయ్యి అయితే ఎడమ భుజానికి, దవడకు ఏం పని?

బల్ల అంచున కూర్చుని కాళ్ళు వేలాడేయండి. మోకాలి చిప్ప కింద ఉండే బిళ్ళలాంటి నరం మీద (నిజానికి అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు) అరచేతి అంచుతో ఎవరినైనా కొట్టమనండి. కాలు కొంచెం ఎగురుతుంది. ఇప్పుడు రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి కొక్కేల్లా వేసి గట్టిగా అటూ ఇటూ గుంజండి, పళ్ళు బిగపట్టండి, అదే దెబ్బ మళ్ళీ వేయించుకోండి. చాలామందిలో ఈసారి కాలు బాగా పైకి లేస్తుంది. ఇది కనిపెట్టింది 1880లలో హంగేరీ డాక్టరు యెండ్రాషిక్. మోకాలు సరిగా ఎగరని పేషెంటుకు డాక్టర్లు ఇప్పటికీ ఇదే చేయిస్తారు. ఏటా క్లాసులో చేసి చూపిస్తాను, పిల్లలు నోరు తెరుస్తారు. మన పాఠాల్లో ప్రతిచర్య చాపం (దెబ్బ కబురు వెన్నుపాముకు వెళ్ళి, కదలమన్న కబురుగా తిరిగొచ్చే దారి) అంటే బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే ఇచ్చే నాలుగు మార్కులు. చెయ్యీ బల్లా తప్ప ఏమీ అక్కర్లేని ప్రయోగాన్ని బొమ్మగా గీయించి వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే వాడ. మా నాయన మగ్గం ఎక్కగానే పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. పడుగు బిగువుగా ఉంటే ఆ చివర ఎవరు వేలితో మీటినా ఈ చివర చేతికి తెలుస్తుంది, వదులైతే మీటినా తెలియదు. కండరం లోపల సరిగ్గా ఇలాంటి పోగులే ఉన్నాయి. కొన్ని మిల్లీమీటర్ల పొడవు, రెండు చివర్లు సన్నం, నడుమ లావు. ఇంగ్లీషులో స్పిండిల్ అంటారు, అంటే కదురే. పేరు పెట్టినవాళ్ళకు కూడా నూలు వడికే పనిముట్టే తట్టింది. కదురు నడుమ నరం చుట్టుకుని ఉంటుంది. మోకాలి మీద దెబ్బ పడగానే తొడ కండరం వెంట్రుకవాసి సాగుతుంది, కదురు సాగుతుంది, నరం వెన్నుపాముకు కబురు పంపుతుంది, వెన్నుపాము మెదడును అడగకుండానే ముడుచుకొమ్మంటుంది. కండరం కదలడం మొదలవడానికి సెకనులో 20వ వంతు కూడా పట్టదు. ఇంకా అందమైనదేమిటంటే, కదురు రెండు చివర్లనూ బిగించడానికి గామా అనే సన్న నరాలు వేరుగా ఉన్నాయి. కండరం పొట్టిబడి కదురు వదులైనప్పుడు ఇవి దాన్ని మళ్ళీ బిగిస్తాయి, నేతగాడు పడుగు సవరించుకున్నట్టే.

కాబట్టి పళ్ళు బిగపడితే గామా నరాలు ఒంట్లోని కదుళ్ళన్నింటినీ బిగిస్తాయి, అందుకే మోకాలు ఎగురుతుంది అని చాలాకాలం అనుకున్నారు. నా మగ్గం పోలికకూ అదే బాగా కుదురుతుంది. కానీ నరంలోకి సన్నని సూది ఎలక్ట్రోడు దించి రికార్డు చేసినప్పుడు కదుళ్ళలో చెప్పుకోదగ్గ తేడా పెద్దగా కనబడలేదు. ఎక్కువ మార్పు వెన్నుపాములోనే ఉంది. కదురు నుంచి వచ్చే కబురును మామూలుగా వెన్నుపాము కొంత అణచి ఉంచుతుంది, దవడ బిగిసినప్పుడు ఆ అణచివేత తగ్గుతుంది. మీటిన దెబ్బ అంతే, తీసుకునే చెయ్యి సున్నితమైంది. పోలికలో పోగు తెగినా అసలు సంగతి నిలిచే ఉంది. ఒకచోట బిగిస్తే ఇంకోచోట కండరాలు కూడా ముందే ఎగిరి దూకడానికి సిద్ధమవుతాయి. దవడ, భుజం, బొటనవేలు మూడు వేరు వేరు సంగతులు కావు.

బిగి చెడ్డదని మాత్రం అనుకోవద్దు. రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళుంటారు, వాళ్ళకు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. స్వీడన్ సైకాలజిస్టు లార్స్ యోరాన్ ఓస్ట్ 1980లలో వాళ్ళకు నేర్పింది సడలింపు కాదు, బిగింపే. చేతులు, తొడలు, పొట్ట 10 నుంచి 15 సెకన్లు బిగించి వదలడం, మళ్ళీ బిగించడం. బీపీ నిలబడుతుంది, మనిషి నిలబడతాడు.

నాడి ఆపే యోగుల రహస్యం కూడా కండరాల్లోనే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ఆనంద్, అమెరికా నుంచి వచ్చిన వెంగర్, బాగ్చీ కలిసి గుండె ఆపుతామన్న యోగులకు ఈసీజీ తగిలించి చూశారు, ఫలితాలు 1961లో వచ్చాయి. మణికట్టు దగ్గర నాడి దొరకలేదు, నిజమే. ఈసీజీ గీత మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి బిగబట్టి ఛాతీ, పొట్ట కండరాలు గట్టిగా బిగిస్తే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది, గుండె బయటికి పంపడానికి రక్తం చాలనప్పుడు నాడి అందదు. దీన్ని మాయ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు, దైవశక్తి అని మొక్కడమూ సరికాదు. ఏళ్ళ తరబడి కండరాలను సాధన చేసిన మనిషి అతను.

మరి మా పిల్లకు "రిలాక్స్ అవ్వు" అంటే ఎందుకు కాదు? ఒక కారణం, వదలడం కూడా పనే. కండరంలో మయోసిన్ అనే ప్రోటీను తలలు ఆక్టిన్ అనే ప్రోటీను పోగులను పట్టుకుంటాయి, ఆ పట్టు విడవాలంటే కొత్త ఏటీపీ (కణానికి ఇంధనం) వచ్చి తగలాలి, బిగించడానికి బయటపడ్డ కాల్షియంను మళ్ళీ గదుల్లోకి తోడెయ్యడానికీ ఏటీపీ కావాలి. చనిపోయాక కొన్ని గంటలకు ఒళ్ళు కట్టెబారేది అందుకే. ఏటీపీ అయిపోయి పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. ఇంట్లో శవం ఉన్నప్పుడు చెయ్యి వంగకపోతే ఏదో కోరిక మిగిలిందని ఏడుస్తారు మనవాళ్ళు. కోరిక కాదు, ఇంధనం అయిపోయింది.

రెండో కారణం, తెలియకపోవడం. తాను బిగించానని తెలియనివాడు దేన్ని వదులుతాడు? షికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ దీని మీదే బతుకంతా పెట్టాడు, 1929లో తన పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. ఒక్కో కండరాన్ని కావాలని బిగించి, ఆ బిగి ఎలా ఉంటుందో గమనించి, తర్వాత వదలాలి. మనిషిని పడుకోబెట్టి చెయ్యి వంచుతున్నట్టు ఊహించుకొమ్మంటే చాలు, చెయ్యి కదలకపోయినా ఆ కండరంలోనే కొన్ని మైక్రోవోల్టుల కరెంటు పుట్టడం కూడా ఆయన కొలిచి చూశాడు.

ఆ కరెంటును మనిషికే వినిపిస్తే అదే బయోఫీడ్‌బ్యాక్. 1963లో కెనడా శరీర నిర్మాణ శాస్త్రవేత్త బాస్మాజియన్ బొటనవేలి మొదట్లోని కండరంలోకి, అంటే మా పిల్ల బిగించే ఆ బొటనవేలి దగ్గరే, వెంట్రుకంత తీగలు దించి స్పీకరుకు కలిపాడు. ఒక్క నాడీకణం, దాని కింది కండర పోగులు కలిసి మోగితే ఒక్క టిక్కు వినబడుతుంది. అది వింటూ వింటూ అరగంట లోపలే చాలామంది ఒకే ఒక్క కణాన్ని తమకు తోచినట్టు మోగించగలిగారు. కొందరు డప్పు దరువులా, గుర్రపు డెక్కల్లా కూడా మోగించారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనిషిలో లేనిది పట్టుదల కాదు, కబురు. కబురు అందితే కణం కూడా మాట వింటుంది.

తర్వాత అత్యాశ కూడా వచ్చింది. కదలిక లేకుండా చేసిన ఎలుకలు కూడా గుండె వేగాన్ని నేర్చుకుని మార్చుకున్నాయని అమెరికా సైకాలజిస్టు నీల్ మిల్లర్ ప్రయోగశాల చెప్పింది. మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు, రాలేదని 1970లలో మిల్లరే స్వయంగా రాశాడు. ఆ నిజాయితీకి దండం. తలనొప్పికి, పక్షవాతం తర్వాత కండరాలను మళ్ళీ దారిలో పెట్టడానికి మాత్రం కండరాల ఫీడ్‌బ్యాక్ ఇప్పటికీ వాడుతున్నారు.

మెషిన్ మా దగ్గర లేదు. స్టేషనరీ షాపు నుంచి కార్బన్ పేపర్లు తెచ్చాను. నాలుగు కాగితాలు, మధ్య మూడు కార్బన్లు. "గడియారం పెట్టుకుని రాయి, మూడో కాపీలో అక్షరం పడొద్దు" అన్నాను. మొదటి రోజు మూడో కాపీ అద్దంలా పడింది, అది చూసి తనే ఆశ్చర్యపోయింది. పేజీ తిప్పినప్పుడల్లా పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య సందు ఉందా అని నాలుకతో చూసుకొమ్మన్నాను, పరీక్ష హాల్లో కార్బన్ ఉండదు కదా. పదో రోజుకు మూడో కాపీ దాదాపు తెల్లగా వచ్చింది. హెడ్డింగుల కింద స్కేలు పెట్టి కొట్టే గీతలు మాత్రం ఇంకా పడుతున్నాయి. నల్లదారం మణికట్టుకు అలాగే ఉంది, నేను తీయమనలేదు.