ముప్పై నుంచి యాభైకి: సుగత మిత్ర ప్రయోగంలో మనం వదిలేసిన సగం

తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో 2025లో ఎఐ సాయంతో చదవడం, లెక్కలు నేర్పడం మొదలయ్యాక పాత వాదన మళ్ళీ పైకి వచ్చింది. పిల్లల ముందు కంప్యూటర్ పెడితే వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారా, పక్కన మనిషి కూడా ఉండాలా? ఈ వాదనలో విద్యా పరిశోధకుడు సుగత మిత్ర పేరు రాకుండా ఉండదు. ఢిల్లీ మురికివాడ పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకోలేదా అని అడుగుతారు. 1999లో ఢిల్లీ కల్కాజీలో, కంప్యూటర్ శిక్షణ సంస్థ ఎన్‌ఐఐటీ ఆఫీసు గోడకు కన్నం పెట్టి మిత్ర కంప్యూటర్ బిగిస్తే, పక్క మురికివాడ పిల్లలు దాన్ని వాడడం వాళ్ళంతట వాళ్ళే నేర్చుకున్నారు. ఆ కథ చాలామందికి తెలిసిందే, ఇంతకు మించి చెప్పను. నా ఉద్దేశంలో అసలు సంగతి ఢిల్లీలో లేదు, కాళికుప్పంలో ఉంది.

కాళికుప్పం తమిళ పిల్లలున్న ఊరు, సునామీ దెబ్బ తిన్న ఊరు. అప్పటికి మిత్ర ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకోగలరన్న తన సిద్ధాంతం ఎక్కడ ఆగిపోతుందో చూడాలని ఆయనే కావాలని కష్టమైన పరీక్ష పెట్టారు. తమిళం తప్ప రాని పిల్లలు, వీధిలోని కంప్యూటర్‌లో ఇంగ్లీషులో ఉన్న జీవసాంకేతిక శాస్త్రం పాఠాలు ఎవరి సాయం లేకుండా నేర్చుకోగలరా? నేర్చుకోలేరని తేలుతుందనే ఆయన అనుకున్నారు. మొదట పరీక్ష పెడితే సున్నా వచ్చింది. రెండు నెలలు పోయాక వచ్చి చూస్తే వందకు 30. డీఎన్‌ఏ నకలు సరిగ్గా తయారుకాకపోతే జబ్బులు వస్తాయన్నది తప్ప తమకేమీ అర్థం కాలేదని ఒక చిన్న పాప చెప్పిందట. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది ఆ మాటకే. కొట్టాల్సిందే, ఆ పిల్లల తెలివి అలాంటిది.

కానీ కథ అక్కడ ఆగలేదు. 30 అంటే పాస్ మార్కు కాదు కదా అని మిత్రే అనుకున్నారు. ఆ ఊళ్ళో పిల్లలతో ఆడుకునే ఒక అమ్మాయి ఉంది, 22 ఏళ్ళు, అకౌంట్స్ పని చేస్తుంది. వీళ్ళకి పాఠం చెప్పమని ఆమెను అడిగారు. నాకు సైన్సే రాదు, ఎలా చెప్పను అంది. అమ్మమ్మలా చెయ్యి అన్నారాయన. అంటే వెనక నిలబడి, అబ్బ, ఇది ఎలా చేశావు, మళ్ళీ చేసి చూపించు అనడమే. ఇంకో రెండు నెలలకు మార్కులు 50కి చేరాయి. అర్హత ఉన్న టీచర్లు పాఠం చెప్పిన ఢిల్లీ ప్రైవేటు బడి పిల్లల మార్కులతో అవి సమానం. మనిషి లేనప్పుడు వచ్చినవి మాత్రం దగ్గర్లోని మామూలు ప్రభుత్వ బడి స్థాయిలోనే ఉన్నాయి. 2010లో అచ్చయిన ఆ పరిశోధన పత్రం పేరులోనే ‘పరిమితులు’ అన్న మాట ఉంది.

కాళికుప్పం ప్రయోగం తర్వాత మిత్ర దారి మారింది. 2009లో బ్రిటన్‌లోని అమ్మమ్మలను వారానికో గంట స్కైప్‌లో మన పిల్లలతో మాట్లాడమని అడిగారు. రెండు వారాల్లోనే 200 మంది ముందుకొచ్చారు. అదే గ్రానీ క్లౌడ్.

మనిషి లేకుండా అద్భుతం జరిగిన సందర్భం లేదా? ఉంది, అదీ మన హైదరాబాద్‌లోనే. మాట వింటే టైపు చేసే కంప్యూటర్‌ని మిత్ర ఇక్కడి పిల్లలకు ఇచ్చారు. వాళ్ళ తెలుగు యాస ఇంగ్లీషు దానికి అర్థంకాక ఏదేదో టైపు చేసింది. దానికి అర్థమయ్యేలా మాట్లాడండి అని చెప్పి వదిలేస్తే, కొన్ని నెలల్లో పిల్లల ఉచ్చారణ మారిపోయింది. నిజమే. అయితే అక్కడ నేర్చుకోవాల్సింది ఒక్క ఉచ్చారణ, తప్పు జరిగితే తెర మీద వెంటనే కనిపించేది.

ఢిల్లీలోనే మిగతా కియోస్కులను, అంటే పిల్లల కోసం పెట్టిన ఇలాంటి కంప్యూటర్ కేంద్రాలను, చూసినవాళ్ళు చెప్పింది వేరు. 2000లో ఢిల్లీ ప్రభుత్వం ఎన్‌ఐఐటీతో కలిసి పెట్టిన కేంద్రానికి వెళ్ళిన అమెరికా పరిశోధకుడు మార్క్ వార్షావర్, ఇంటర్నెట్ సరిగ్గా రాదని, హిందీలో చదువుకు పనికొచ్చే పాఠాలు లేవని, పిల్లలు ఎక్కువసేపు బొమ్మలు గీయడంలో, గేముల్లో గడుపుతున్నారని రాశారు. బాగా చదివే కొడుకు గేముల్లో పడి బడి చదువు పాడుచేసుకుంటున్నాడని ఒక తల్లిదండ్రి టెన్షన్ పడ్డారట. ఉత్తరాఖండ్‌లోని అల్మోరా దగ్గర పరిశోధకురాలు పాయల్ అరోరా చూసేటప్పటికి కియోస్కులు పాడుబడి ఉన్నాయి.

మిత్రకు 2013లో ప్రసంగాల వేదిక టెడ్ నుంచి 10 లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. ఆ వేదిక మీద నుంచి మన అధికారులు విన్నది కంప్యూటర్ సంగతే, అమ్మమ్మ సంగతి కాదు. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పాఠాలు చేసిన సంస్థే అలా అయితే పిల్లవాడు సందేహం ఎవరిని అడగాలి?

ఇప్పుడు తెలంగాణ ఎఐ తరగతుల గురించి తేలాల్సింది కూడా ఇదే. ఒకే టీచరు ఉన్న ప్రాథమిక బడిలో, ఆయన నాలుగో తరగతికి లెక్కలు చెబుతుంటే, కంప్యూటర్ ముందున్న రెండో తరగతి పిల్లల వెనక ఎవరు నిలబడతారు?