పాత చేతి ఆటలు కొత్త కన్సోల్‌లోకి: అపోహలు - వాస్తవాలు

"రోమ్ ఫైలుంది, ఎమ్యులేటరుంది. ఇంకేం పనుంటుందండీ?" కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు ఇంజనీరింగ్ కుర్రాళ్ల దగ్గర గేమ్ పోర్టింగ్, అంటే ఒక మెషిన్ కోసం రాసిన ఆటని ఇంకో మెషిన్ మీదికి తేవడం, ఆ మాటెత్తితే ముందు వచ్చే ప్రశ్న ఇదే. రోమ్ అంటే పాత క్యాట్రిడ్జ్‌లోని ఆట కాపీ, ఎమ్యులేటర్ అంటే పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రాం. ఫోన్‌లో ఉచిత ఎమ్యులేటర్ దించుకుని ఆడినవాళ్లకి అలా అనిపించడం సహజం. కానీ డబ్బు పుచ్చుకుని అమ్మే సరుకు లెక్క వేరు. కొనామి 2021 సెప్టెంబరులో విడుదల చేసిన కాసిల్‌వేనియా అడ్వాన్స్ కలెక్షన్, 2024 ఆగస్టులో విడుదల చేసిన డామినస్ కలెక్షన్ ఇలాంటి పనికి మంచి ఉదాహరణలు. రెండింటి వెనకా జపాన్‌లోని ఎం2 స్టూడియో ఉంది. మొదటిదాంట్లో గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటలు మూడు, రెండోదాంట్లో నింటెండో డీఎస్ ఆటలు మూడు. రెండూ చేతిలో పట్టుకుని ఆడే నింటెండో పాత మెషిన్లే. కోటలు, పిశాచాలు, కొరడా: వస్తువు గోతిక్. పని మాత్రం అంతా లెక్కలే.

అపోహ: నింటెండో స్విచ్ కన్సోల్‌లోనూ ఆర్మ్ చిప్పే, గేమ్ బాయ్ అడ్వాన్స్‌లోనూ ఆర్మ్ చిప్పే. ఆట నేరుగా నడిచిపోతుంది.

నడవదు. పాత మెషిన్‌లో ఉన్నది 16.78 మెగాహెర్ట్జ్ ఆర్మ్7. ఆట ఆ చిప్పుతో మాత్రమే మాట్లాడదు. తెర గీసే రిజిస్టర్లు (ఆదేశాలు రాసే అరలు), టైమర్లు, డీఎంఏ (చిప్పు ప్రమేయం లేకుండా డేటా తరలించే ఏర్పాటు), వీటన్నిటితోనూ మాట్లాడుతుంది. అవేవీ స్విచ్‌లో లేవు, ప్లేస్టేషన్ 5లో, ఎక్స్‌బాక్స్‌లో అయితే ప్రధాన చిప్పే ఆర్మ్ కాదు. తెర మొత్తం 228 గీతలు. 160 కనబడేవి, 68 కనబడనివి, ఒక్కో గీతకి 1,232 సైకిల్స్, అంటే చిప్పు గడియారం టిక్కులు. గీతకీ గీతకీ మధ్య దొరికే సందులో ఆట నేపథ్యాన్ని కాస్త పక్కకి జరిపి, నీళ్లు అలలాడినట్టు చూపిస్తుంది. ఆ సందు లెక్కలో కొన్ని సైకిల్స్ తేడా వస్తే అల మధ్యలో ఒక్క గీత విరిగి కనబడుతుంది.

బయోస్ సంగతి కూడా ఇక్కడే. పాత మెషిన్‌లో 16 కేబీ బయోస్, అంటే మెషిన్‌లోనే నిలవుండే మూల ప్రోగ్రాం ఉంటుంది. అది నింటెండో సొత్తు, వేరే కంపెనీ కన్సోల్ మీద పెట్టి అమ్మలేం. భాగహారం, వర్గమూలం, కుదించిన బొమ్మల్ని విప్పడం లాంటి దాని పనులన్నీ మళ్లీ సొంతంగా రాసుకోవాలి. జవాబు ఒకటే వస్తే చాలదు, పట్టే సమయం కూడా దగ్గరగా ఉండాలి. మీ కోడ్ మరీ త్వరగా పని ముగిస్తే, ఆ ఆలస్యాన్ని నమ్ముకుని రాసిన ఆట తడబడుతుంది.

అపోహ: పెద్ద టీవీ కదా, తెర నిండా సాగదీస్తే బాగుంటుంది.

ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర 240×160. మన హాల్లో టీవీ 1920×1080. ఎత్తు నిండాలంటే 6.75 రెట్లు చేయాలి. అంటే ఒక పిక్సెల్ 6 చుక్కల వెడల్పు, పక్కది 7 చుక్కలు అవుతుంది. బొమ్మ కదలకుండా ఉంటే తెలియదు. హీరో నడవడం మొదలెడితే ముఖం అడుగడుక్కీ లావై సన్నబడుతుంది. నేపథ్యంలో ఇటుక గోడ ఉంటే గోడంతా పురుగులు పాకినట్టు మెరుస్తుంది.

దీనికి దారులు రెండు. ఒకటి, పూర్తి సంఖ్యతో పెంచడం. 6 రెట్లయితే 1440×960. పైనా కిందా 60, అటూ ఇటూ 240 పిక్సెల్స్ మిగులుతాయి, అక్కడ బోర్డర్ బొమ్మ పెట్టుకోవచ్చు. 4కే టీవీలో 13 రెట్లు పడుతుంది, పైనా కిందా 40 మాత్రమే ఖాళీ. చేతిలో పట్టుకునే స్విచ్ 720 గీతల తెర మీద 4 రెట్లే. రెండో దారి, ముందు ఏ మాత్రం మెత్తబరచకుండా 7 రెట్లు పెంచి (1680×1120), అక్కణ్ణుంచి మెత్తగా 1620×1080కి దించడం. పిక్సెల్ అంచు ఒక్క చుక్క మేర మసకబారుతుంది గానీ మెరుపు పోతుంది. మా ఓటు మొదటి దారికే, అయినా మెనూలో రెండూ ఉంచాలి. తెర వెడల్పంతా సాగదీసే మూడో ఆప్షన్ కూడా అడుగుతారు. పెట్టండి, డిఫాల్ట్‌గా మాత్రం వద్దు.

ఒక చిన్న ఉచ్చు ఉంది. చాలా టీవీలు వచ్చిన బొమ్మ అంచుల్ని కొంచెం కత్తిరించి, మిగతాది పెంచి చూపిస్తాయి. అప్పుడు మీరు కష్టపడి కుదిర్చిన 6 రెట్లు 6.2 రెట్లో ఎంతో అయిపోతుంది. టీవీ సెట్టింగుల్లో జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది. టెస్టింగ్ మొదలెట్టే ముందు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మీ కోడ్‌లో లేని తప్పు కోసం రెండు రోజులు వెతుకుతారు.

అపోహ: రోమ్‌లో ఉన్న రంగులే అసలు రంగులు.

2001లో వచ్చిన తొలి గేమ్ బాయ్ అడ్వాన్స్ తెరకి వెనక లైటు లేదు. అడ్వాన్స్ కలెక్షన్‌లోని సర్కిల్ ఆఫ్ ద మూన్ ఆ తెర మీద మరీ చీకటిగా ఉందని ఆడినవాళ్లు గోల పెట్టారు. అందుకే 2002లో వచ్చిన హార్మనీ ఆఫ్ డిసొనెన్స్‌లో రంగులు కావాలనే పేల్చారు, హీరో చుట్టూ నీలిరంగు వెలుగు గీత కూడా తగిలించారు. అదే రంగుల్ని ఇప్పటి టీవీ మీద ఉన్నవున్నట్టు వేస్తే కోట కాస్తా తీర్థంలో రంగులరాట్నంలా ఉంటుంది.

సరిచేసే వరుస ఇది. పాత రంగు ఒక్కో వర్ణానికి 5 బిట్లు, కొత్తది 8 బిట్లు. ఊరికే 8తో గుణిస్తే 31 కాస్తా 248 అవుతుంది, 255 కాదు. తెలుపు బూడిదరంగు కలిసిన తెలుపులా ఉంటుంది. పై 3 బిట్లని అడుగున మళ్లీ అతికిస్తే 255 వస్తుంది. ఆ తర్వాత పాత తెర వెలుగు వంపుకి తగ్గట్టు మధ్యస్థాయి రంగుల్ని దించి, ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్ని ఒకదాంట్లోకి ఒకటి కొంచెం కలపాలి. ఎంత కలపాలన్నది కళ్లతో తేల్చుకోవాల్సిందే. పాత మెషిన్‌ని రాత్రి ట్యూబ్‌లైటు కింద పెట్టి పోల్చకండి. పగలు పదకొండు గంటలకి వరండాలో, ఎండ నేరుగా పడని చోట పెట్టి చూడండి. ఆ తెర తయారైంది ఆ వెలుతురు కోసమే.

అపోహ: అప్పుడూ సెకనుకి 60 ఫ్రేములే (తెర బొమ్మలే), ఇప్పుడూ 60 ఫ్రేములే.

అప్పుడు 59.7275. డీఎస్‌ది 59.8261. ఈ పిసరు తేడాకేముందిలే అనుకుంటే శబ్దం దగ్గర దొరికిపోతారు.

లెక్క చూడండి. కన్సోల్ సెకనుకి 48,000 శబ్ద నమూనాలు, అంటే శబ్దపు అలని కొలిచిన అంకెలు వాడుకుంటుంది. పాత లెక్కన ఒక్కో ఫ్రేముకి 803.65 నమూనాలు తయారవుతాయి. ఫ్రేములు సెకనుకి 60 చొప్పున తోస్తే సెకనుకి 48,219 తయారవుతాయి. సెకనుకి 219 మిగులు. 2,048 నమూనాల బఫర్ (అవి తాత్కాలికంగా నిలవుండే చోటు) 9 సెకన్లు దాటగానే పొర్లిపోతుంది. సంగీతంలో ఉండుండి టక్కుమని చప్పుడు వస్తోందని ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకి మందు సులువుగా అర్థమవుతుంది. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఒక్కసారిగా దూకదు, మధ్యలో ఉన్న గదిలో నీళ్లు నింపీ తీసీ మట్టం కలుపుతారు. బఫర్ ఆ గది. అది సగం కంటే నిండితే నమూనాల రేటుని ఒక పిసరు తగ్గించాలి, సగం కంటే దిగితే పిసరు పెంచాలి. సర్దుబాటు అర శాతం దాటకపోతే చెవికి తెలియదు.

లేదంటే ఆటనే శబ్దంతో సహా 60కి నడిపేయొచ్చు. వేగం 0.46 శాతం పెరుగుతుంది, స్వరం 8 సెంట్లు, అంటే అర స్వరంలో పదో వంతు కన్నా తక్కువ ఎక్కుతుంది. గంట ఆటలో 16 సెకన్లు కలిసొస్తాయి. మామూలు ఆటగాడికి పట్టదు. గడియారం పెట్టుకుని ఆడే స్పీడ్‌రన్ వాళ్లు మాత్రం ఊరుకోరు. అసలు రేటే ఉంచి 60 తెర మీద చూపిస్తే 3.7 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు పడి, పొడవాటి వరండాల్లో నడిచేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది.

అపోహ: బొమ్మ మినుకుమినుకుమంటోందంటే అది ఎమ్యులేటర్ తప్పు.

కాకపోవచ్చు. పాత ఎల్‌సీడీ నిదానంగా మారేది. దాన్ని ఆసరా చేసుకుని, దెయ్యాన్నో పొగనో ఒక ఫ్రేములో గీసి ఇంకో ఫ్రేములో వదిలేసేవాళ్లు, తెర మీద సగం పారదర్శకంగా కనబడేది. కొత్త తెర చురుకైనది కాబట్టి మినుకు బయటపడుతుంది. రెండు ఫ్రేములు సగం సగం కలిపితే పోతుంది, కానీ కదిలే హీరో వెనక తోక వస్తుంది. అందుకని ఇప్పటి పిక్సెల్ రెండు ఫ్రేముల కిందటి పిక్సెల్‌తో సమానంగా ఉండి, మధ్య ఫ్రేముతో తేడాగా ఉన్నచోట మాత్రమే కలపాలి.

అపోహ: సంగీతాన్ని ఇప్పటి స్థాయికి శుభ్రం చేయాలి.

వద్దు. ఆ మెషిన్‌లో 8 బిట్ల నమూనా చానెళ్లు రెండు, పాత గేమ్ బాయ్ నుంచి వచ్చిన బీప్ చానెళ్లు నాలుగు. హార్మనీ ఆఫ్ డిసొనెన్స్ సంగీతం పలచగా వినబడటానికి కారణం అది ఎక్కువగా ఆ పాత చానెళ్ల మీద ఆధారపడటం. దాన్ని దిద్దితే అది వేరే ఆట. 48,000కి పెంచేటప్పుడు మరీ మెత్తగా వడకడితే డ్రమ్ము మొద్దుబారుతుంది, అది చూసుకుంటే చాలు.

అపోహ: డీఎస్ ఆటలో రెండు తెరలు పక్కపక్కన పెడితే సరి.

రెండూ 256×192. సమానంగా పక్కపక్కన పెడితే 1920లో 3 రెట్లే పడతాయి, ఎత్తు 576 దగ్గర ఆగిపోయి టీవీ సగం ఖాళీగా ఉంటుంది. ఈ ఆటల్లో అసలు ఆట నడిచేది కింది తెర మీద, పై తెరలో మ్యాపు, వివరాలు. కాబట్టి కింది తెరకి 5 రెట్లు (1280×960), పై తెరకి 2 రెట్లు (512×384) ఇస్తే వెడల్పు 1792, హాయిగా సరిపోతుంది.

అసలు చిక్కు స్టైలస్‌తో, అంటే తెర మీద గీసే పుల్లతో. 2005 నాటి డాన్ ఆఫ్ సారోలో పెద్ద శత్రువు ప్రాణం అయిపోయాక తెర మీద ముద్ర గీయాలి. తప్పితే వాడు కొంత ప్రాణంతో మళ్లీ లేస్తాడు. రైట్ స్టిక్‌తో గీయమంటే ఆ గడువులో ఎవరి వల్లా కాదు, గడువు స్టైలస్ వేగానికి కట్టింది. డామినస్ కలెక్షన్‌లో దానికి బదులు బటన్ల వరుస నొక్కే వీలు పెట్టారు. లోపల దీన్ని చేయడానికి రెండు పద్ధతులున్నాయి: బటన్లు సరిగ్గా పడితే గీత గీసినట్టుగా టచ్ బిందువుల్ని ఒక్కొక్క ఫ్రేముకీ పంపడం, లేదా ఫలితం రాసే చోట ఆటకే అతుకు (ప్యాచ్) వేయడం. రెండోది నమ్మకమైనది, కానీ జపాన్, అమెరికా, యూరప్ రోముల్లో ఆ చోటు ఒకటే ఉండదు. మూడు అతుకులు, మూడు టెస్టులు.

ఆన్‌లైన్ మెనూలు మర్చిపోవద్దు. డీఎస్ ఆటలు వాడిన నింటెండో వై-ఫై సేవ 2014 మే 20న ఆగిపోయింది. మెనూ అలాగే వదిలేస్తే ఆటగాడు నొక్కుతాడు, ఆట ఎవరూ ఎత్తని ఫోన్ మోగించినట్టు కూర్చుంటుంది.

స్టైలస్ నయం. కొనామిదే 2003 నాటి బొక్తాయ్ అని పిశాచాల వేట ఆట ఉంది, దాని క్యాట్రిడ్జ్‌లో ఎండని కొలిచే సెన్సర్ ఉంటుంది. మన రోహిణి కార్తెలో మీటరు కింద పడే ప్రసక్తే ఉండదు గానీ, టీవీ ముందు కూర్చున్నవాడికి ఎండ ఎక్కడి నుంచి తేవాలి? మెనూలో స్లయిడర్ పెడితే ఆట ప్రాణం పోతుంది. దీనికి ఒప్పుకోదగ్గ జవాబు ఇంకా మాకు తట్టలేదు.

అపోహ: రివైండ్ (ఆటని వెనక్కి తిప్పడం) అంటే ప్రతి ఫ్రేమూ దాచుకోవడమే.

గేమ్ బాయ్ అడ్వాన్స్ జ్ఞాపకం (మెమరీ) అంతా కలిపి సుమారు 386 కేబీ: 256, 32, 96, మిగతా చిల్లర. సెకనుకి 60 సార్లు దాస్తే 10 సెకన్లకి 226 ఎంబీ. డీఎస్‌కి ఒక్క అచ్చే (ఒకసారి దాచిన జ్ఞాపకం కాపీయే) 4 ఎంబీ దాటుతుంది. కాబట్టి సెకనుకి రెండుసార్లు మాత్రమే దాచి, మధ్యలో నొక్కిన బటన్లు రాసుకోవాలి. వెనక్కి వెళ్లేటప్పుడు దగ్గరి అచ్చు నుంచి మళ్లీ నడిపి చూపించాలి. అప్పుడు 10 సెకన్లకి 8 ఎంబీ లోపే. అచ్చు ఫైలు మొదట్లో వెర్షన్ నంబరు మొదటి విడుదలకి ముందే పెట్టండి. తర్వాతి అప్‌డేట్‌లో ఎమ్యులేటర్ లోపలి వరుస మారితే, నంబరు లేని పాత సేవ్‌లన్నీ చెత్తబుట్టకే.

అపోహ: నొక్కాక ఆలస్యమంటే టీవీదే తప్పు.

టీవీలో గేమ్ మోడ్ ఆఫ్‌లో ఉంటే తప్పు దానిదే. ఆన్ చేశాక కూడా ఉంటే మీదే. బటన్‌ని ఫ్రేము మొదట్లో చదివి, రెండు తెర బఫర్లు (చూపడానికి సిద్ధంగా ఉంచిన బొమ్మలు) వరుసలో నిలబెడితే 3 ఫ్రేములు, అంటే 50 మిల్లీసెకన్లు పోతాయి. బటన్ చదవడం ఆఖరి క్షణానికి జరపండి, ఒక బఫర్ తీసేయండి. కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 240 ఫ్రేముల స్లో మోషన్ ఉన్న ఫోన్‌తో బొటనవేలూ టీవీ రెండూ కనబడేలా తీస్తే ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. వేలు దిగిన ఫ్రేము నుంచి హీరో కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 20 సార్లు తీసి మధ్య విలువ పట్టుకోండి.

అపోహ: ఆటలో సేవ్ చేయగానే ఫైలు రాసేస్తే భద్రం.

ఆట తన 32 కేబీ సేవ్‌ని బైటు తర్వాత బైటుగా రాస్తుంది. ప్రతి బైటుకీ ఫైలు తెరిచి మూస్తే ఆట నత్తనడక నడుస్తుంది, సగంలో కరెంటు పోతే ఫైలూ పోతుంది. తుపాను రోజుల్లో కోనసీమలో కరెంటు ఎన్నిసార్లు వచ్చి పోతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. 30 ఫ్రేముల పాటు కొత్త రాత ఏదీ రాకపోతే అప్పుడు తాత్కాలిక ఫైలులో రాసి, చెక్‌సమ్ (ఫైలు చెడలేదని తేల్చే లెక్క) సరిచూసి, ఆ తర్వాతే అసలు పేరుకి మార్చండి. ముందు సేవ్‌ని ఒక కాపీగా ఉంచండి. తర్వాత ఇన్వర్టర్ లేని ప్లగ్గుకి కన్సోల్ తగిలించి, సేవ్ గుర్తు తిరుగుతుండగా గోడ మీది కరెంటు స్విచ్ కట్టేయండి. ఇలా 50 సార్లు. అందులో ఒక్కసారి సున్నా కేబీ ఫైలు మిగిలినా, తప్పు దిద్దుకుని మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలి.