తొండి చేసిన నవలలు, చెయ్యనివి

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరు అడిగినదానికి నేను నీళ్లు నమిలానని మీ ఇద్దరికీ కోపం వచ్చినట్టుంది. "అమ్మమ్మా, ఈ మధ్య చదివినవాటిలో ఏది బావుంది, ఐదుకి ఎన్ని స్టార్లు ఇస్తావు?" అని పెద్దాడు, "అసలు నీకు క్రైమ్ ఇష్టమా, లవ్ స్టోరీలా, సైన్స్ ఫిక్షనా?" అని చిన్నది. ఒక్క ముక్కలో తేల్చే ప్రశ్నలు కావు అవి. అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నాను. ఉత్తరం పొడుగైందని మధ్యలో వదిలేస్తే మాత్రం నాకు తెలిసిపోతుంది, తర్వాత ప్రశ్నలు వేస్తాను.

స్టార్లు ఇవ్వడం నాకు చేతకాదు. ఏ రకం నవల చేతికొచ్చినా నేను చూసేది ఒకటే, రచయిత తొండి చేశాడా లేదా అని. మీరు చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడుతూ, ఓడిపోయినందుకు పెద్దగా బాధపడేవాళ్లు కాదు గానీ, కళ్లు మూసుకోవాల్సినవాడు వేళ్ల సందుల్లోంచి చూశాడని తెలిస్తే మాత్రం ఇల్లు పీకి పందిరేసేవాళ్లు, గుర్తుందా? నవల చదివేటప్పుడు నాకూ సరిగ్గా అదే రోషం వస్తుంది.

ముందు అపరాధ పరిశోధన నవలల సంగతి చెప్తాను, ఈ తొండి గొడవ బాగా ముదిరింది అక్కడే కాబట్టి. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' ఈ మధ్య మళ్లీ చదివాను. అది వచ్చిన కొత్తలో కొందరు పాఠకులు ఇది అన్యాయం, మమ్మల్ని మోసం చేశారు అని గోల పెట్టారు, ఇంకొందరు కాదు, ఆవిడ దాచిందే తప్ప అబద్ధం ఆడలేదు అని వెనకేసుకొచ్చారు. హంతకుడెవరో నేను చెప్పను, అడగొద్దు. ఈసారి హంతకుడెవరో తెలిసే చదివాను కదా, పెన్సిల్ పట్టుకుని కూచున్నాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది అబద్ధమా అని చూసుకుంటూ పోయాను. ఒక్కటీ దొరకలేదు. కీలకమైన చోట రెండు వాక్యాల మధ్య పది నిమిషాలు మాయమవుతాయి, అంతే. ఆ పది నిమిషాలు మన కళ్లముందే మాయమవుతాయి, మనమే గమనించం. ఇది తొండి కాదు, మహా నేర్పు.

ఇలాంటి గొడవలు ఎక్కువయ్యే కాలానికి రొనాల్డ్ నాక్స్ అని ఒక ఇంగ్లీషాయన, చర్చిలో ఫాదరు, తనూ డిటెక్టివ్ నవలలు రాసేవాడు, 1929లో ఏకంగా పది నియమాలు రాసిపెట్టాడు. దయ్యాలూ అతీత శక్తులూ పనికిరావు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, ముందే సూచన ఇవ్వకుండా కవల పిల్లల్ని దించకూడదు, డిటెక్టివే హంతకుడు కాకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం ఏదైనా వెంటనే పాఠకుడికీ చూపించాలి, ఇలా. కొంత తమాషాకి రాసినవే అనుకోండి. కానీ ఆ చివరిది చూడండి, డిటెక్టివ్‌కి తెలిసింది నీకూ తెలియాలి. ఇప్పుడొస్తున్న థ్రిల్లర్లలో సగం ఈ ఒక్కదాని దగ్గరే దొరికిపోతాయి. హీరో ఒక కాగితం చదివి తెల్లబోతాడు, అధ్యాయం అయిపోతుంది, ఆ కాగితంలో ఏముందో మనకి నలభై పేజీల తర్వాత గానీ చెప్పరు. కాగితం చదువుతున్నవాడి బుర్రలోనే కదా మనం కూచున్నది, మరి మన కళ్లు ఎవరు మూశారు? ఇలాంటివి వరసగా మూడు చదివాను, పేర్లు చెప్పినా మీకు ఉపయోగం లేదు, నాకే గుర్తులేవు.

ఈ విషయాన్ని నాకంటే బాగా చెప్పింది ఎవరో తెలుసా? ఒక నవలలోని విలన్. స్టీఫెన్ కింగ్ 1987లో రాసిన 'మిజరీ'. ఇది మీరు ఇంకో నాలుగేళ్లు ఆగి చదవాల్సిన పుస్తకం, నెత్తురూ హింసా గట్టిగానే ఉంటాయి. నేనే కొన్ని పేజీలు గబగబా తిప్పేశాను. కథ మాత్రం చెప్పొచ్చు. పాల్ షెల్డన్ అనే నవలా రచయితకి మంచులో కారు ప్రమాదం అవుతుంది, ఆనీ విల్క్స్ అనే ఒకప్పటి నర్సు ఇంటికి మోసుకెళ్లి వైద్యం చేస్తుంది. ఆవిడ అతని నవలలంటే పడిచచ్చే పాఠకురాలు. ఆ సీరీస్ హీరోయిన్‌ని ఆఖరి పుస్తకంలో చంపేశాడని తెలిశాక అతన్ని గదిలో బంధించి, ఆమెని బతికిస్తూ కొత్త నవల రాయమంటుంది. అతను భయపడుతూ ఏదో అతుకులబొంతగా రాసిస్తాడు. పిచ్చిది కదా, బతికిస్తే చాలు సంతోషిస్తుందిలే అనుకుంటాం. ఆవిడ చదివి ఇది కుదరదు అంటుంది. చిన్నప్పుడు వారం వారం చూసిన సీరియల్ సినిమా ఒకటి గుర్తుచేసుకుంటుంది. ఒక వారం హీరో కారులో ఇరుక్కుపోయి ఉండగానే కారు కొండ అంచు దాటి పడిపోతుంది, మరుసటి వారం చూపించేటప్పుడు పడకముందే అతను దూకేసినట్టు మార్చేస్తారు. హాల్లో మిగతా పిల్లలంతా చప్పట్లు కొడుతుంటే ఈవిడొక్కతే లేచి, వాడు కారులోంచి దిగనే లేదు కదా అని అరిచిందట. నాకు ఆ పేజీ దగ్గర ఒళ్లు జలదరించింది, భయంతో కాదు. ఆ రాక్షసి నా మనసులో మాట చెప్పేసింది! కథ నిజం కానక్కర్లేదు, నిన్న చెప్పినదాన్ని ఇవాళ కాదనకూడదు, అంతే ఆవిడ అడిగేది. ఇన్నేళ్లుగా ఎంతోమంది రాసిన విమర్శలు చదివాను, ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. పైగా ఆ పుస్తకంలో దయ్యం లేదు, భూతం లేదు, ఒక గదీ, ఒక మంచం, ఒక టైప్‌రైటరూ, ఇద్దరు మనుషులూ. హారర్ అంటే నాకు పడదు అనుకునేదాన్ని, తలుపు చప్పుడైతే గుండె జారే స్థితికి తెచ్చాడు మహానుభావుడు.

ఇక పెద్దాడి సైన్స్ ఫిక్షన్. ఆండీ వీర్ రాసిన 'ది మార్షియన్' నువ్వే ఇచ్చావు కదరా, చదివాను. అంగారకుడి మీద ఒక్కడే మిగిలిపోయిన వ్యోమగామి బంగాళాదుంపలు పండించుకుని బతికే కథ. మొదట ఆయన దీన్ని తన వెబ్‌సైట్లో విడతలు విడతలుగా ఉచితంగా పెట్టాడు, సైన్స్ తెలిసిన పాఠకులు తప్పులు పట్టుకుంటుంటే దిద్దుకుంటూ పోయాడు, 2011లో సొంతంగా ఈ-బుక్‌గా వేశాడు, పెద్ద ప్రచురణకర్తలు 2014లో అచ్చువేశారు. ఆ విడతల వాసన పుస్తకానికి ఇంకా ఉంది, ప్రతి పది పేజీలకీ ఒక కొత్త ఆపద.

అందులో పెద్ద అబద్ధం ఒకటుంది, నీకు తెలుసా? కథ మొదలయ్యేదే భయంకరమైన గాలి తుఫానుతో, దానివల్లే అతను ఒంటరివాడవుతాడు. కానీ అంగారకుడి మీద గాలి పీడనం మన భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అక్కడ ఎంత వేగంగా వీచినా మనిషిని ఎత్తి పారేసే బలం ఆ పల్చటి గాలికి రాదు. ఈ సంగతి తెలిసే రాశానని రచయితే ఒప్పుకున్నాడు. మరి దీన్ని తొండి అనాలా? నేను రెండు రోజులు ఆలోచించాను. అననని తేల్చుకున్నాను. ఆట మొదలుకాకముందు, ఒక్కసారి, అందరూ చూస్తుండగా చెప్పిన అబద్ధం అది. ఆ తర్వాత హీరోకి ఒక్క అదృష్టం కూడా అప్పనంగా ఇవ్వడు. నీళ్లు చేసే ఘట్టం గుర్తుందా? రాకెట్ ఇంధనంలోంచి హైడ్రోజన్ విడగొట్టి, మండించి నీళ్లు చేస్తాడు, లెక్కలన్నీ సరిగ్గా వేసుకుంటాడు, అయినా పేలిపోతుంది. కారణం, తను మాస్కులోంచి పీల్చి వదిలిన ఊపిరిలో ఇంకా ఆక్సిజన్ మిగిలే ఉంటుందన్న సంగతి లెక్కలో మర్చిపోయాడు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఉంటుంది, స్కూల్లో చదువుకున్నదే. నాకూ తెలుసు, నేనూ గమనించలేదు. ఆ పేలుడుకి నాకు భలే సంతోషం వేసింది, పాపం అతనికి కాదనుకోండి. ఒక్క ఫిర్యాదు ఉంది. అతను ఒంటరిగా నెలల తరబడి బతుకుతాడు, ఒక్క రాత్రైనా నిజంగా కుంగిపోడు, ఎప్పుడూ జోకులే. యంత్రాల విషయంలో అంత నిజాయితీగా ఉన్నవాడు మనిషి మనసు దగ్గర కాస్త తప్పించుకున్నాడనిపించింది.

తొషికజు కవగుచి రాసిన 'బిఫోర్ ది కాఫీ గెట్స్ కోల్డ్' గురించి తొందరగా చెప్పేస్తాను. జపాన్ నవల, మొదట నాటకంగా ఉండేది. ఒక చిన్న కెఫేలో ఒక కుర్చీలో కూచుంటే గతంలోకి వెళ్లొచ్చు, కానీ కుర్చీ దిగకూడదు, ఆ కెఫేకి వచ్చినవాళ్లనే కలవగలవు, కాఫీ చల్లారేలోపు తాగేసి వచ్చెయ్యాలి, అన్నిటికంటే ముఖ్యంగా నువ్వు ఏం చేసినా ఇప్పటి జీవితంలో ఏదీ మారదు. ఆ చివరి షరతు చూసి, ఇంకెందుకు వెళ్లడం అనుకున్నాను, తీరా ఆ ప్రశ్నే పుస్తకమంతా నడిపించింది. మొదట చెప్పిన షరతులు చివరిదాకా సడలించలేదు, అందుకు దండం పెడతాను. వాటినే నాలుగు కథల్లోనూ మళ్లీ మళ్లీ వల్లిస్తుంటే మాత్రం విసుగొచ్చింది. మ్యాట్ హేగ్ 'ది మిడ్‌నైట్ లైబ్రరీ' కూడా ఇలాంటి ఊహే, బతుకు మీద ఆశ వదులుకున్న ఒకమ్మాయి, తను బతకని జీవితాలన్నీ పుస్తకాలుగా ఉన్న లైబ్రరీలో కళ్లు తెరుస్తుంది. మొదటి వంద పేజీలు చాలా బావున్నాయి. తర్వాత ప్రతి జీవితం చివరా రచయిత మన భుజం తట్టి, అర్థమైందా తల్లీ అని అడుగుతున్నట్టు ఉంటుంది. అర్థమైంది నాయనా, నన్ను నా మానాన చదువుకోనియ్యి.

చిన్నదానా, నీ లవ్ స్టోరీల వంతు వచ్చింది. ప్రేమ నవలలో చివరికి ఇద్దరూ కలుస్తారని అట్ట చూస్తేనే తెలుస్తుంది, అది దాచేది కాదు. అక్కడ తొండి జరిగేది అడ్డంకి దగ్గర. నువ్వు ఇచ్చినదాంట్లో హీరో ఎవరితోనో మాట్లాడుతుంటే దూరం నుంచి చూసి హీరోయిన్ అపార్థం చేసుకుని రెండొందల పేజీలు ఏడ్చింది, ఆవిడ వాడి అక్కట. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అడ్డంకి అడ్డంకేనా? దాని బదులు 1813 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తీసుకో. పాత ఇంగ్లీషు కాబట్టి మొదటి యాభై పేజీలు కష్టంగానే ఉంటుంది, ఓపిక పట్టు. అందులోనూ అపార్థమే. కానీ హీరోయిన్ ఎలిజబెత్‌తో పాటు మనమూ అపార్థం చేసుకుంటాం, అదీ జేన్ ఆస్టెన్ గొప్ప. విక్‌హామ్ అనే అందగాడు పరిచయమైన మర్నాడే, హీరో డార్సీ తనకి ఎంత అన్యాయం చేశాడో గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. అయ్యో పాపం అనుకుంటాం. డార్సీని చూసి నేనెందుకు తప్పుకుంటాను, కావాలంటే అతనే తప్పుకోవాలి అంటాడు, తీరా డార్సీ ఉండే విందుకి ఎగ్గొడతాడు. డార్సీ వాళ్ల నాన్న మీద గౌరవంతో కొడుకుని బయటపెట్టను అంటాడు, డార్సీ ఊళ్లోంచి వెళ్లగానే ఊరంతా చాటేస్తాడు. అన్నీ మన ముందే జరిగాయి, మనమూ ఆ నవ్వు చూసి వదిలేశాం. మొత్తం 61 అధ్యాయాల్లో 35వ దాంట్లో అసలు సంగతి చెప్తూ డార్సీ ఉత్తరం వస్తుంది, అది చదివాక ఎలిజబెత్ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి గుర్తుచేసుకుంటుంటే నాకు సిగ్గేసింది, ఇన్ని డిటెక్టివ్ నవలలు చదివి ఏం లాభం అని. నా లెక్కలో అది లవ్ స్టోరీ కంటే ముందు డిటెక్టివ్ నవల. నువ్వు చదివి కాదంటే పోట్లాడుకుందాం.

ఇంతా చెప్పి ఒకచోట నేనే పక్షపాతం చూపించానని ఒప్పుకోవాలి. రిచర్డ్ ఓస్మన్ 2020లో రాసిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్'. వయసు మళ్లినవాళ్లు ఉండే ఒక కాలనీలో నలుగురు ముసలివాళ్లు గురువారం గురువారం కూచుని, పోలీసులు తేల్చలేకపోయిన పాత హత్య కేసులు తిరగేస్తుంటారు, అంతలో పక్కనే అసలు హత్య జరుగుతుంది. డిటెక్టివ్ కథగా చూస్తే నాక్స్ ఫాదర్ మొట్టికాయలు వేస్తాడు, చివర్లో కావలసిన సంగతులు కొన్ని అప్పటికప్పుడు ఊడిపడతాయి, ముడులు మరీ ఎక్కువ. అయినా నాకు కోపం రాలేదు. అందులో జాయిస్ అని ఒకావిడ డైరీ రాస్తుంటుంది, హత్య గురించి మొదలుపెట్టి, మధ్యలో కూతురు ఫోన్ చెయ్యలేదన్న దిగులు దాచుకుంటూ, ఇంకేదో చెప్పి నవ్విస్తుంది. ఆ డైరీ కోసం హంతకుడు ఎవరైతే నాకేం అనిపించింది. ముసలివాళ్ల కథ కాబట్టి వెనకేసుకొస్తున్నావు అంటారు మీరు. అనుకోండి.

ఇప్పుడు చేతిలో అగాథా క్రిస్టీదే ఇంకొకటి ఉంది, 1939 నాటిది, పదిమంది ఒక దీవికి వెళ్లే కథ, మీరిద్దరూ చదివేశామన్నది అదే. ఇంట్లో నేనొక్కదాన్నే ఇన్నాళ్లూ చదవకుండా మిగిలాను. ఒక్కొక్కరు చచ్చినప్పుడల్లా బల్ల మీదున్న పది బొమ్మల్లో ఒకటి మాయమవుతుంది, ఇప్పటికి నాలుగు పోయాయి. నాకు డాక్టర్ మీద అనుమానం. పెద్దాడా, నువ్వు ఫోన్ చేసినప్పుడు ఏదో తెలిసినవాడిలా నవ్వావంటే మాత్రం మళ్లీ వారం రోజులు ఫోన్ ఎత్తను.

మీ అమ్మమ్మ