టైమ్‌షేర్ రీసేల్: ‘వెరిఫైడ్’ అంటే ఏది సరిచూసినట్టు?

ఏడాదిలో ఒక వారాన్నో, గదులు బుక్ చేసుకోవడానికి వాడే కొన్ని పాయింట్లనో ఒక రిసార్టులో మన పేరున రాయించుకోవడమే టైమ్‌షేర్. ఈ వ్యాపారం బాగా పాతుకుపోయిన ఫ్లోరిడాలో 1981లోనే దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది. చిక్కంతా తిరిగి అమ్ముకోవడంలోనే, అంటే రీసేల్‌లోనే. వాడినా వాడకపోయినా ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాల్సిందే, వదిలించుకుందామంటే కొనేవాళ్లు దొరకరు. ఈ ఇబ్బందే మోసగాళ్లకు పెట్టుబడి అయింది. “మీ వారానికి బేరం వచ్చింది, ముందు లిస్టింగ్ ఫీజు పంపండి” అని ఫోను వచ్చేది. డబ్బు పంపాక బేరమూ ఉండేది కాదు, ఫోన్ చేసిన మనిషీ దొరికేవాడు కాదు.

2012లో ఫ్లోరిడా చట్టాన్ని బిగించింది. కొనేవాళ్లున్నారని రీసేల్ కంపెనీ చెబితే వాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. ప్రకటనకు రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాన్ని 7 రోజుల్లో రద్దు చేసుకునే హక్కూ ఉండాలి. ఇవన్నీ అమ్మేవాళ్లను కాపాడే నిబంధనలు. ప్రకటనలోని వివరాలు కొనేవాళ్లకు ఎంతవరకు నిజమన్నది వేరే ప్రశ్న.

రీసేల్ ప్రకటనలపై కనిపించే ‘వెరిఫైడ్’ అనే మాటకు ఒకే అర్థం లేదు. ఒకచోట యజమాని ఫోన్, ఈమెయిల్ పనిచేస్తున్నాయని మాత్రమే. ఇంకోచోట డీడ్ (యాజమాన్య దస్తావేజు) చూశామని. డీడ్ ఎవరైనా చూడవచ్చు: ఫ్లోరిడాలోని ఓర్లాండో రిసార్టులైతే దస్తావేజులు నమోదు చేసే ఆరెంజ్ కౌంటీ కంప్ట్రోలర్ ఆఫీసు రికార్డుల్లో పేరుతో వెతికితే దొరుకుతుంది. అక్కడ ఏడాది విడిచి ఏడాది వచ్చే వారమా అన్నది తప్పక చూడాలి. దాన్ని ఏటా వచ్చే వారంగా ప్రకటించడం తరచూ జరిగే తప్పు. అయితే ఫీజు బాకీ ఎంత, పాయింట్లు ఎన్ని మిగిలాయి అన్నవి డీడ్‌లో ఉండవు. అవి తెలిసేది ఖాతా పరిస్థితిని ధ్రువీకరిస్తూ రిసార్టు ఇచ్చే ఎస్టాపెల్ సర్టిఫికెట్‌లోనే, అదీ అది ఇచ్చిన తేదీ నాటికే.

తేదీ ఎందుకు ముఖ్యమో డిస్నీ కంపెనీ టైమ్‌షేర్ పథకం, డిస్నీ వెకేషన్ క్లబ్, చూస్తే తెలుస్తుంది. అక్కడ పాయింట్లను వచ్చే ఏడాదికి మళ్లించాలంటే యూజ్ ఇయర్ (ఆ కాంట్రాక్టు పాయింట్లకు లెక్కించే పన్నెండు నెలల కాలం) మొదలైన 8 నెలల్లోపే చేయాలి. ఆరో నెలలో పెట్టిన ప్రకటనకు బేరం కుదిరి, ముందుగా కొనే హక్కు వాడాలో వద్దో కంపెనీ తేల్చుకుని, కాగితాలు పూర్తయ్యేసరికి ఆ గడువు దాటిపోవచ్చు. యజమాని ఈలోపు గది బుక్ చేసుకున్నా లెక్క మారిపోతుంది.

అంతకన్నా పట్టుకోవడం కష్టమైన తప్పు ఇంకొకటుంది. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో ఈ క్లబ్ పాత 14 రిసార్టుల కాంట్రాక్టు కొన్నవాళ్లు, వాటి తర్వాత వచ్చిన రివియెరా రిసార్టులో గానీ, ఆ తర్వాత వచ్చిన కొత్త రిసార్టుల్లో గానీ ఆ పాయింట్లు వాడలేరు. నేరుగా డిస్నీ దగ్గర కొన్న యజమాని “అన్నిచోట్లా వాడుకోవచ్చు” అని రాస్తే అది అబద్ధం కాదు, ఆయనకు ఆ హక్కు నిజంగా ఉంది. కొనేవాళ్లకు మాత్రం అది బదిలీ కాదు. ఏ డీడ్ తనిఖీ ఈ తేడాను పట్టుకోదు.

అందుకే అడ్వాన్సు కట్టేముందు ఎస్టాపెల్ ఏ తేదీదో అడగండి. మిగిలిన పాయింట్లు, వాటి గడువు, ఈ ఏడాది ఫీజు ఎవరు కట్టాలి, రీసేల్ కొనుగోలుదారుకు ఏ హక్కులు రావు, ఈ నాలుగూ ఒప్పందంలోనే రాయించుకోండి.